ఎండల ఊర్లో వెనీలా కప్‌కేకులు ఇంట్లో ఎలా చేయాలి

కప్‌కేకు చేయడం పెద్ద విద్యేం కాదు. మైదా, బటర్, చక్కెర, గుడ్లు, పాలు, కాస్త వెనీలా ఎసెన్స్. అన్నీ వీధి చివర కిరాణా కొట్లో దొరికేవే. మరి అనంతపురంలో ఇంట్లో చేసినవి చాలాసార్లు ఎందుకు గట్టిగా, నూనె కారుతూ వస్తాయి? యూట్యూబ్‌లో చూసినా, ఎక్కడ చదివినా ఒక మాట తప్పకుండా ఉంటుంది: బటర్, గుడ్లు రూమ్ టెంపరేచర్‌లో ఉండాలి అని. ఎవరి రూమ్? ఆ మాట మొదట చెప్పినవాళ్ల వంటింట్లో 20 డిగ్రీలు, మహా అయితే 22. మన దగ్గర ఏప్రిల్ మధ్యాహ్నం స్టవ్ వెలిగించకముందే వంటిల్లు 35 దాటి ఉంటుంది. కడప, కర్నూలు వాళ్లకైతే ఇంకో డిగ్రీ ఎక్కువే. ఆ వేడికి బటర్ మెత్తబడటం కాదు, గిన్నెలో నూనెలా పరుచుకుంటుంది.

కాబట్టి ఇక్కడ కప్‌కేకు చేయడమంటే సగం పని కొలతలు, మిగతా సగం చల్లదనాన్ని కాపాడుకోవడం. కింద చెప్పే పద్ధతి అంతా ఈ లెక్కలోనే ఉంటుంది.

ముందు టైము చూసుకోండి

ఎండాకాలంలో అయితే పొద్దున ఆరు, ఏడు మధ్య మొదలుపెట్టండి. వంటింటి గోడలు రాత్రంతా చల్లబడి ఉంటాయి, ఎండ ఇంకా కిటికీ ఎక్కి ఉండదు. ఇంకో కారణం కరెంటు. సాయంత్రం ఏసీలు, కూలర్లు అన్నీ ఒకేసారి తిరిగే వేళకు చాలా వీధుల్లో వోల్టేజీ పడిపోతుంది. ఓటీజీ, అంటే కరెంటు మీద నడిచే చిన్న ఓవెన్, లోపల రాడ్లు ఎర్రబడతాయి గానీ చాలినంత వేడి రాదు. కేకు పొంగాల్సిన మొదటి పది నిమిషాల్లో వేడి చాలకపోతే తర్వాత ఎంతసేపు పెట్టినా లాభం లేదు.

డిసెంబరు, జనవరి నెలల్లో ఈ గొడవేమీ లేదు. పొద్దుటి చలికి బటర్ బయట పెడితే సరిగ్గా కావలసినంత మెత్తబడుతుంది. మొదటిసారి చేసేవాళ్లు ఆగగలిగితే క్రిస్మస్ దాకా ఆగండి అంటాను నేను. ఆగలేకపోతే చదవండి.

సామాను: పన్నెండు కప్‌కేకులకు

మైదా 150 గ్రాములు
బటర్ 100 గ్రాములు
చక్కెర 150 గ్రాములు
గుడ్లు 2
పాలు 100 మి.లీ.
బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్
వెనీలా ఎసెన్స్ ఒక టీస్పూన్
ఉప్పు చిటికెడు

బటర్ 100 గ్రాములే ఎందుకంటే చిన్న ప్యాకెట్ సరిగ్గా అంతే ఉంటుంది. కోసి తూచే పని ఉండదు. మన కిరాణా కొట్లలో ఎక్కువగా దొరికేది ఉప్పు వేసిన అమూల్ బటర్. అదే వాడేటట్లయితే పైన చెప్పిన చిటికెడు ఉప్పు మానేయండి. అన్‌సాల్టెడ్ దొరికితే ఇంకా మంచిది, కానీ దానికోసం ఊరంతా తిరగాల్సిన పని లేదు. ఇంట్లో మజ్జిగ చిలికి తీసిన వెన్న మాత్రం వద్దు. దాంట్లో నీళ్లు ఎంత ఉంటాయో చెప్పలేం, పైగా పులుపు వాసన వెనీలాను మింగేస్తుంది. ఆ వెన్న కాచి నెయ్యి చేసుకోండి, జొన్నరొట్టెలోకి బాగుంటుంది.

బటర్ బదులు నూనె వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వాడొచ్చు, ఎగ్‌లెస్ వాటిలో నేను నూనే చెబుతాను. అయితే మన గానుగ చెనిక్కాయ నూనె పనికిరాదు. పప్పుకు, పచ్చడికి దాన్ని మించింది లేదు గానీ, కేకులో ఆ ఒక్క వాసనే మిగులుతుంది. పొద్దుతిరుగుడు నూనెలాంటి వాసన లేనిది తీసుకోండి.

కిచెన్ తూకం ఉంటే అన్నీ తూచండి. కప్పుతో కొలిచేటప్పుడు మైదాను నొక్కి నింపితే ఒకలా, వదులుగా పోస్తే ఒకలా వస్తుంది. తేడా ముప్పై గ్రాముల దాకా పోతుంది, కేకు ఎండిపోవడానికి అది చాలు. తూకం లేకపోతే 240 మి.లీ. కప్పుతో మైదా ఒకటింబావు కప్పు. స్పూనుతో వదులుగా నింపి పైన కత్తితో చదును చేయాలి. చక్కెర ముప్పావు కప్పు. పాలు అరకప్పుకు కాస్త తక్కువ.

చక్కెర విషయానికొస్తే, మనకు దొరికే పలుకులు పెద్దవి. అవి బటర్‌లో త్వరగా కరగవు, కేకు పైన చుక్కచుక్కలుగా తేలతాయి. మిక్సీలో రెండుసార్లు అలా తిప్పి ఆపేయండి. సన్నని రవ్వలా ఉండాలి. మెత్తటి పొడి చేసేయకండి, దానికి కారణం కింద చెబుతాను.

బేకింగ్ పౌడర్ వేరు, తినే సోడా వేరు. బేకింగ్ పౌడర్ బదులు అంతే సోడా వేస్తే కేకు సబ్బు రుచి వస్తుంది. తినే సోడా ఒట్టి సోడియం బైకార్బొనేట్, అది పొంగాలంటే పెరుగో నిమ్మరసమో లాంటి పులుపు తగలాలి. బేకింగ్ పౌడర్‌లో ఆ పులుపు కూడా పొడి రూపంలో కలిపే ఉంటుంది, తడి తగలకుండా కాస్త కార్న్‌ఫ్లోర్ వేసి ఉంటుంది. తడి, వేడి తగిలితే చాలు, దానంతట అదే పొంగుతుంది. ఎప్పుడో పోయిన పండక్కి కొన్న డబ్బా అల్మారాలో ఉందా? అరగ్లాసు వేడినీళ్లలో ఒక టీస్పూన్ వేసి చూడండి. బుసబుసమని నురగ రావాలి. నాలుగు బుడగలొచ్చి ఊరుకుంటే పారేయండి. ఈ పరీక్ష ఖర్చు ఒక స్పూను పొడి, చేయకపోతే ఖర్చు 100 గ్రాముల బటర్.

వెనీలా గురించి ఒక్కమాట. అది ఒక ఆర్కిడ్ తీగకు కాసే కాయ, పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. అక్కడి నుంచి తెచ్చి వేరే దేశాల్లో నాటితే పూలు పూసేవి గానీ కాయ కాసేది కాదు. 1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస పిల్లవాడు చిన్న పుల్లతో, బొటనవేలితో పువ్వులో పుప్పొడి అంటించే కిటుకు కనిపెట్టాడు. ఇప్పటికీ తోటల్లో అలా చేత్తోనే చేస్తారు. అందుకే అసలు వెనీలా అంత ఖరీదు. మనకు కొట్లో దొరికే చిన్న సీసాలో ఉండేది చాలావరకు ఫ్యాక్టరీలో తయారైన వెనిలిన్, అంటే వెనీలా వాసననిచ్చే పదార్థం. దానికి చిన్నబుచ్చుకోనక్కర్లేదు, ఇంటి కప్‌కేకుకు అది సరిపోతుంది. అయితే ఎక్కువ వేస్తే చేదు వస్తుంది. గుడ్డు నీచు వాసన పోవాలని రెండు మూడు స్పూన్లు గుమ్మరించేవాళ్లున్నారు. దానికి వేరే ఉపాయం ఉంది: ఒక నిమ్మకాయ పైతొక్క, పసుపు భాగం మాత్రమే, సన్నగా తురిమి వేయండి. నీచు వాసన దెబ్బకు పోతుంది.

ఓవెన్ ముందు, గిన్నె తర్వాత

బటర్ ముట్టుకోకముందే ఓవెన్ వెలిగించాలి. పిండి కలిపాక ఓవెన్ వేడెక్కేదాకా కూర్చుంటే, మన వేడికి గిన్నెలోనే బేకింగ్ పౌడర్ పని మొదలుపెట్టేస్తుంది.

ఓటీజీ అయితే పైన, కింద రెండు రాడ్లూ ఆన్ చేసి 175 డిగ్రీల దగ్గర పెట్టి పదిహేను నిమిషాలు వదిలేయండి. డయల్ మీద అంకెలను మరీ నమ్మకండి. 175 అని చూపించి లోపల 200 ఉండే ఓటీజీలు చాలా ఉన్నాయి. లోపల పెట్టుకునే చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే ఈ అనుమానం తీరిపోతుంది. ఓటీజీని తప్పనిసరిగా పెద్ద ప్లగ్గుకే, అంటే గీజర్లకు వాడే 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టండి. ఫోన్ చార్జర్ పెట్టే చిన్న సాకెట్‌కు మల్టీప్లగ్ తగిలించి నడిపితే వైరు కాలుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమా వద్దు, మామూలు ఇన్వర్టర్ ఓటీజీని లాగలేదు.

మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ మోడ్ ఉంటే అదీ ఓవెనే, 170 పెట్టండి. ఒట్టి మైక్రో మోడ్‌లో మాత్రం ఈ కొలతలతో చేయకండి, రబ్బరు ముక్కలు వస్తాయి.

ఓవెనే లేదంటారా? కుక్కరుంది. అయిదు లీటర్లు, అంతకు పైబడినది, కాస్త పాతదైతే మంచిది. అడుగున రెండు గ్లాసుల గల్లుప్పు పరచండి, దానిమీద ఒక స్టాండో, బోర్లించిన చిల్లుల పళ్లెమో పెట్టండి. మూతకున్న రబ్బరు గ్యాస్కెట్ తీసేయాలి, వెయిట్ తీసేయాలి. ఇది మరిచిపోకూడని సంగతి. నీళ్లు లేకుండా గ్యాస్కెట్, వెయిట్ పెట్టి కుక్కర్ వేడిచేయడం ప్రమాదం. మూత పెట్టి మధ్యస్థం మంట మీద పది నిమిషాలు వేడెక్కనివ్వండి. ఒకసారి వాడిన ఉప్పు వంటకు పనికిరాదు, డబ్బాలో పోసి మళ్లీ కేకులకే దాచుకోండి.

బటర్ దగ్గరే అంతా ఉంది

ఈ భాగం తొందరపడకుండా చదవండి. మిగతాది ఎవరైనా చేస్తారు.

బటర్, చక్కెర కలిపి గిలక్కొట్టేటప్పుడు చక్కెర పలుకుల అంచులు బటర్‌లోకి గీసుకుపోతూ గాలిని లోపలికి లాక్కెళతాయి. కంటికి కనపడని బుడగలు వేలకు వేలు. ఓవెన్‌లో బేకింగ్ పౌడర్ కొత్త బుడగలను పుట్టించదు, ఉన్న బుడగలనే ఉబ్బిస్తుంది. గిన్నెలో గాలి పట్టకపోతే ఎంత పౌడర్ వేసినా దానికి ఉబ్బించడానికేమీ ఉండదు. చక్కెరను మెత్తగా పొడి చేయవద్దన్నది ఇందుకే, పొడికి అంచులుండవు. బటర్ కరిగిపోయినా ఇదే బాధ. నూనెలో గాలి నిలవదు కదా.

గాలి బాగా పట్టేది బటర్ 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. థర్మామీటర్ అక్కర్లేదు, బొటనవేలు చాలు. ఫ్రిజ్‌లోంచి తీసిన బటర్‌ను చిన్న ముక్కలు కోసి స్టీలు గిన్నెలో వేయండి. ఎండాకాలం అయితే అయిదు నుంచి పది నిమిషాలు. వేలితో నొక్కండి. గుంట పడాలి, కానీ ముక్క అంచులు నిలబడే ఉండాలి, వేలికి జిడ్డు అంటకూడదు. పైన మెరుపు కనిపిస్తోందంటే ఆలస్యమైపోయినట్టే. అప్పుడు గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టి పది నిమిషాలాగి మళ్లీ చూడండి. గిలక్కొడుతుండగానే కరగడం మొదలైందా? పెద్ద బేసిన్‌లో చల్లటి నీళ్లు, నాలుగు ఐసు ముక్కలు వేసి గిన్నె అడుగును అందులో రెండు నిమిషాలు ఆనించండి. చక్కెరను కూడా ముందురోజు రాత్రి డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. కలిపినప్పుడు చక్కెరే బటర్‌ను చల్లగా ఉంచుతుంది.

హ్యాండ్ బీటర్ ఉంటే మధ్యస్థం స్పీడులో నాలుగైదు నిమిషాలు. లేకపోతే చెక్క గరిటెతో పది నిమిషాలకు తక్కువ కాకుండా. చెయ్యి నొప్పి పెడుతుంది, ఇంట్లో ఇంకెవరినైనా పిలవండి. మిక్సీలో వేయకండి, బ్లేడు వేడికి బటర్ నిమిషంలో కరుగుతుంది. మొదట పసుపుగా, ఇసుక ఇసుకగా ఉన్నది మెల్లగా తెల్లబడుతుంది. గిన్నె అంచులకు ఎక్కుతుంది, గరిటెను ఎత్తితే చిన్న శిఖరంలా నిలుస్తుంది. వేళ్ల మధ్య రుద్దితే చక్కెర ఇంకా కాస్త తగులుతుంది, పరవాలేదు. రంగు మారిందా లేదా అన్నదే గుర్తు. అనుమానంగా ఉంటే కొత్త బటర్ ముక్క పక్కన పెట్టి చూడండి, తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు గుడ్లు. మరీ చల్లటి గుడ్డు వేస్తే బటర్ గడ్డకట్టి మిశ్రమం విరిగిపోతుంది, పాలు విరిగినట్టు పలుకులుగా కనిపిస్తుంది. చలికాలమైతే అరగంట ముందు బయట పెట్టండి. ఎండాకాలం పది నిమిషాలు చాలు, గంటలకొద్దీ బయట వదిలేయకండి. గుడ్డును ముందు వేరే చిన్న గిన్నెలో కొట్టి చూసుకోండి, మన ఎండలకు ఏదైనా చెడిపోయి ఉంటే మొత్తం పాడు కాకుండా ఉంటుంది. రెండు గుడ్లూ వెనీలాతో కలిపి గిలక్కొట్టి, మూడు నాలుగు విడతలుగా బటర్‌లో పోస్తూ కలపండి. ముందు పోసింది పూర్తిగా కలిశాకే తర్వాతది. ఇంత చేసినా విరిగిందనుకోండి, తూచి పెట్టుకున్న మైదాలోంచి ఒక పెద్ద స్పూను వేసి కలిపేయండి, సర్దుకుంటుంది.

మైదా, బేకింగ్ పౌడర్, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లెడ పట్టి ఉంచుకోండి. విడిగా అమ్మే మైదాలో పురుగు ఉంటుందని మనవాళ్లు ఎలాగూ జల్లిస్తారు. ఇక్కడ ఇంకో లాభం, బేకింగ్ పౌడర్ అంతటా సమంగా కలుస్తుంది. ఇక్కడి నుంచి బీటర్ పక్కన పెట్టేయండి. మైదాలో మూడో వంతు వేసి గరిటెతో కింది నుంచి పైకి తిప్పుతూ కలపండి, తర్వాత సగం పాలు, మళ్లీ మూడో వంతు మైదా, మిగతా పాలు, చివర్లో మిగిలిన మైదా. పొడి కనపడకుండా పోయిన క్షణాన ఆపేయాలి. మైదాకు తడి తగిలాక ఎంత తిప్పితే అంత జిగురు పుడుతుంది, చపాతీకి కావలసింది అదే, కేకుకు అక్కర్లేనిది అదే. చిన్న చిన్న ఉండలు రెండు మూడు కనిపించినా వదిలేయండి. పిండి బజ్జీల పిండికన్నా చిక్కగా ఉండాలి. గరిటె ఎత్తితే ధారగా కారకుండా ముద్దముద్దగా జారిపడాలి.

నింపడం, కాల్చడం

మన ఇళ్లలో ఉండే ఓటీజీల్లో ఎక్కువ భాగం ఆరు గుంటల ట్రేకే చోటు. కాబట్టి పన్నెండింటిని రెండు వాయిలుగా చేయాలి. రెండో వాయి పిండిని మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, బయట కాదు. లేదంటే కొలతలన్నీ సగం చేసి ఒక్క గుడ్డుతో ఆరే చేసుకోండి. మొదటిసారికి అదే నయం.

ట్రేలో పేపర్ కప్పులు పెట్టి మూడింట రెండు వంతులే నింపాలి. తూచితే ఒక్కోదానికి యాభై గ్రాములు అటూ ఇటూ. ఎక్కువ పోస్తే పొంగి పక్కదానితో అతుక్కుంటాయి. ట్రే లేకపోతే చిన్న స్టీలు కటోరీల్లో పేపర్ కప్పులు పెట్టండి. పేపర్ ఒక్కదాన్నే నమ్ముకుంటే బరువుకు పరుచుకుపోతుంది. పేపర్ కూడా లేకపోతే కటోరీకి బటర్ రాసి, మైదా చల్లి, ఎక్కువైంది దులిపేయండి.

ఓవెన్ మధ్య అరలో పెట్టి 18 నుంచి 20 నిమిషాలు. మొదటి పదిహేను నిమిషాలు తలుపు తీయొద్దు. పిల్లలు గాజులోంచి చూడటానికి ఎగబడతారు, చూడనివ్వండి, తీయనివ్వకండి. పదిహేను దాటాక మధ్యలో ఉన్నదాంట్లో టూత్‌పిక్ గానీ, కడిగిన కొబ్బరి ఈనె గానీ గుచ్చి చూడండి. తడి పిండి అంటితే ఇంకో రెండు నిమిషాలు. ఒకటి రెండు పొడి రవ్వలు అంటితే తీసేయొచ్చు. పూర్తిగా శుభ్రంగా వచ్చేదాకా ఆగారంటే మన పొడి గాలికి సాయంత్రానికల్లా ఎండుతాయి. వేలితో మెల్లగా నొక్కితే పైభాగం తిరిగి లేవాలి, అది ఇంకా మంచి గుర్తు.

మధ్యలో కరెంటు పోతే? తలుపు తెరవకండి. ఓటీజీ లోపలి వేడి కొన్ని నిమిషాలు నిలుస్తుంది. నాలుగైదు నిమిషాల్లో వస్తే అలాగే కొనసాగించి చివర్లో రెండు మూడు నిమిషాలు కలపండి. పది నిమిషాలు దాటిపోయి, అప్పటికే పైభాగం గట్టిపడి ఉంటే, ట్రేలోంచి తీసి కుక్కర్‌లో పెట్టి పూర్తిచేసుకోవచ్చు. పొంగకముందే పోతే ఇక చేసేదేమీ లేదు.

కుక్కర్‌లో అయితే కటోరీలు మూడో నాలుగో ఒకసారికి పడతాయి. మంట సిమ్‌లో పెట్టి 20 నుంచి 25 నిమిషాలు. పైన ఎర్రబడవు, తెల్లగానే ఉంటాయి. రంగు చూసి ఉడకలేదనుకోకండి, ఈనె గుచ్చి చూడండి.

తీశాక అయిదు నిమిషాలు ట్రేలో, తర్వాత జల్లి స్టాండు మీదకు. ట్రేలోనే వదిలేస్తే అడుగున ఆవిరి చేరి పేపర్ ఊడివస్తుంది.

ఎక్కడ తేడా వచ్చిందో చూడగానే చెప్పొచ్చు. నడినెత్తిన కొండలా లేచి పగిలితే ఓవెన్ వేడి ఎక్కువ. కోస్తే లోపల నిలువుగా సొరంగాల్లాంటి రంధ్రాలుంటే పిండి ఎక్కువ కలిపారు. మధ్యలో గుంట పడితే తలుపు తొందరగా తీశారు, లేదా బేకింగ్ పౌడర్ ఎక్కువైంది. పేపర్ నూనె నూనెగా ఉండి కేకు బరువుగా ఉంటే మాత్రం బటర్ కరిగిపోయింది. మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఇదే.

శనివారం చేస్తున్నారా? గుడ్డు లేకుండా

శనివారాలు, పండగలు, వ్రతాలు, మాలలు వేసుకున్నవాళ్లు. గుడ్డు లేకుండా చేయాల్సిన రోజులు మన ఇళ్లలో తక్కువేం కాదు. అసలు బేకింగ్ పౌడర్‌ను 1843లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల తయారీదారు తన భార్యకు ఈస్ట్ పడక తయారుచేశాడు. ఆమెకు గుడ్లూ పడేవి కావు.

దీనికి మైదా 150 గ్రాములే. బటర్, గుడ్లు, పాలు వద్దు. చిక్కటి పెరుగు 180 గ్రాములు, అంటే ముప్పావు కప్పు, పుల్లనిది కాకూడదు. పెరుగులో అర టీస్పూనుకు తక్కువగా తినే సోడా వేసి కలిపి అయిదు నిమిషాలు వదిలేయండి, నురగ వచ్చి ఉబ్బుతుంది. అందులో 130 గ్రాముల చక్కెర, 80 మి.లీ. వాసన లేని నూనె, వెనీలా వేసి చక్కెర కరిగేదాకా తిప్పండి. మైదాలో ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్ కలిపి జల్లించి, రెండు విడతలుగా పైన చెప్పినట్టే కలపండి. ఆలస్యం చేయకుండా ఓవెన్‌లోకి. ఇవి కాస్త ముందే, 17 నిమిషాలకే చూడండి.

నిజం చెప్పాలంటే మే నెలలో నేను దీనికే ఓటు వేస్తాను. బటర్ గోల ఉండదు. పైగా నూనె కేకులు రెండో రోజుకూ మెత్తగానే ఉంటాయి.

పైన క్రీమా?

బటర్‌క్రీమ్ అంటే 100 గ్రాముల బటర్‌ను తెల్లబడేదాకా గిలక్కొట్టి, 200 గ్రాముల ఐసింగ్ షుగర్ విడతలుగా వేసి, ఒక పెద్ద స్పూను పాలు, కాస్త వెనీలా కలపడం. దీనికి అన్‌సాల్టెడ్ బటరే కావాలి, ఉప్పుదైతే నోట్లో తెలిసిపోతుంది. ఐసింగ్ షుగర్ ఇంట్లోనే చేసుకోవచ్చు: 100 గ్రాముల చక్కెరకు ఒక టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ వేసి మిక్సీలో మెత్తగా తిప్పి జల్లించాలి. చలికాలం హాయిగా పైపింగ్ సంచిలో వేసి పూలు పెట్టుకోండి.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఏసీ లేని ఇంట్లో ఈ పూలు పుట్టినరోజు పాట అయిపోయేలోపు కిందికి జారతాయి. బేకరీల్లో ఎలా నిలబడుతోంది మరి అంటే, వాళ్లు వాడేది ఎక్కువగా వనస్పతిలాంటి కొవ్వుతో చేసిన క్రీమ్, అది అంత త్వరగా కరగదు. తింటే అంగిలికి అంటుకుంటుంది కూడా. బెంగళూరు దగ్గరే కాబట్టి మన ఊర్లో అయ్యంగార్ బేకరీలకు కొదవలేదు. అక్కడి క్రీమ్ కేకూ, ఇంట్లో చేసిన బటర్‌క్రీమూ పక్కపక్కన పెట్టుకుని తింటే ఏది ఏదో కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

ఎండాకాలానికి నిమ్మ గ్లేజ్ చేసుకోండి. 100 గ్రాముల ఐసింగ్ షుగర్‌లో ఒక పెద్ద స్పూను నిమ్మరసం చుక్కచుక్కగా పోస్తూ కలిపితే చిక్కటి తెల్లని పూత వస్తుంది. పూర్తిగా చల్లారిన కప్‌కేకును తలకిందులుగా ముంచి తీయండి. ఇరవై నిమిషాల్లో గట్టిపడుతుంది, ఎంత ఎండయినా కారదు. అనంతపురం పొడి గాలి కేకును ఎండబెడుతుంది గానీ గ్లేజ్‌కు మాత్రం మేలే చేస్తుంది. వానాకాలం ముసురు పట్టినప్పుడు అదే గ్లేజ్ ఆరడానికి రెండింతలు పడుతుంది.

దాచడం

చల్లారగానే గాలి చొరని డబ్బాలో పెట్టేయాలి. గంట బయట వదిలినా పైభాగం గట్టిపడుతుంది. వేడిగా ఉండగా మూత పెడితే మాత్రం ఆవిరికి జిగటగా అవుతాయి, కాబట్టి చేయి పెట్టి చూసి వెచ్చదనం పోయాకే. చలికాలం రెండు మూడు రోజులు బయటే బాగుంటాయి. ఎండాకాలం మరుసటి రోజుకల్లా ఫ్రిజ్‌లోకి మార్చండి. క్రీమ్ వేసినవైతే ఏ కాలమైనా ఫ్రిజ్జే.

చీమల సంగతి వేరే చెప్పాలా? మూత ఎంత బిగించినా వాసన పట్టేస్తాయి. వెడల్పాటి పళ్లెంలో వేలెడు నీళ్లు పోసి, మధ్యలో చిన్న గిన్నె బోర్లించి, దానిమీద డబ్బా పెట్టండి. డబ్బా అంచు గోడకు తగలకుండా చూసుకోవాలి, తగిలిందంటే వాటికి అదే వంతెన.

ఫ్రిజ్‌లోంచి తీసినదాన్ని అలాగే తింటే గట్టిగా ఉంటుంది, లోపల బటర్ గడ్డకట్టి ఉంటుంది కాబట్టి. కేకు పాడైందనుకోకండి. ఎండాకాలమైతే పావుగంట బయట పెడితే చాలు. చలికాలం అయితే మైక్రోవేవ్‌లో పది సెకన్లు, అది లేకపోతే ఇడ్లీ పాత్రలో రెండు నిమిషాల ఆవిరి, పేపర్ తీయకుండా. గ్లేజ్, క్రీమ్ వేసినవాటికి ఈ వేడి పెట్టకండి, అంతా కారిపోతుంది.